ఎరువిచ్చే ముందు ఓ మాట

ఆఫీసు ల్యాప్‌టాప్ తీసుకునేటప్పుడు సీరియల్ నంబరు సరిచూసుకుని సంతకం పెడతాం. ఉద్యోగం మానేసే రోజు చార్జర్‌తో సహా అప్పజెప్పి వస్తాం. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఐటీ ఉద్యోగులకు అలవాటైన తంతే ఇది. ఎవరూ అవమానంగా భావించరు. అదే మనిషిని సాయంత్రం కొండాపూర్ ఫ్లాట్‌లో ఫ్రెండ్ వచ్చి, "మామా, డ్రిల్ మెషీన్ ఇస్తావా? కర్టెన్ రాడ్ బిగించాలి" అని అడిగితే, "తీస్కపో రా, దానికీ అడగాలా?" అంటాడు. గొడవకు విత్తనం అక్కడే పడుతుంది.

మెషీన్‌లో కార్బన్ బ్రష్‌లు అరిగి కొన్నాళ్లుగా నిప్పురవ్వలు వస్తున్నాయని ఇచ్చినవాడికి తెలుసు. చెప్పలేదు. అది ఇటుక గోడా, కాంక్రీటా అని తెచ్చుకున్నవాడు చూసుకోలేదు. బిట్ ఇనుప చువ్వకు తగిలినా ఆపకుండా ఇంకా గట్టిగా నొక్కాడు. కమురు వాసన వచ్చి మెషీన్ ఆగిపోయింది. తప్పెవరిది? ఒకడి లెక్కలో చివర వాడినవాడిది, ఇంకొకడి లెక్కలో పాత మెషీన్‌ది. పైకి మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట: "పర్లేదులే."

"ఎరువు సొమ్ము బరువు చేటు" అని పెద్దలు తెచ్చుకున్నవాడినే హెచ్చరించారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం మాత్రం ఆ బరువును ఇద్దరికీ పంచింది. వస్తువులో తనకు తెలిసిన లోపాన్ని ఇచ్చేవాడు ముందే చెప్పాలంటుంది 150వ సెక్షన్. పొగరుబోతు గుర్రమని తెలిసీ చెప్పకుండా ఇస్తే, అది తీసుకున్నవాణ్ని పడేసినప్పుడు బాధ్యత ఇచ్చినవాడిదే. తీసుకున్నవాడు సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకోవాలంటుంది 151. అంత జాగ్రత్త పడ్డా పాడైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, అతని బాధ్యత లేదంటుంది 152. కానీ తన స్వారీకని తెచ్చుకున్న గుర్రాన్ని ఇంకొకరికి ఇస్తే, వాళ్లు ఎంత జాగ్రత్తగా నడిపినా నష్టం అతనే భరించాలి. అది 154. గుర్రం బదులు బైక్ అనుకుని చూడండి, మన పంచాయితీలు చాలావరకు ఇందులోనే తేలిపోతాయి.

స్నేహితుల మధ్య చట్టం దాకా వెళ్లక్కర్లేదు. ఇచ్చేటప్పుడు ఒకసారి ఆన్ చేసి చూపించండి. లోపముంటే చెప్పండి. ఎప్పటికి కావాలో అడగండి. తెచ్చుకున్నవారు బిట్‌లాంటి అరిగిపోయే సామాను సొంతంగా కొనుక్కోండి. పాడైతే, తిరిగిచ్చేటప్పుడు కాదు, పాడైన గంటలోనే ఫోన్ చేయండి. ఇద్దరూ కలిసి మెకానిక్‌కి చూపించండి. అరిగిన బ్రష్‌ల ఖర్చు ఒకరిది, కాలిన భాగం ఖర్చు ఇంకొకరిది. నాలుగేళ్లు వాడిన మెషీన్‌కి కొత్తదాని ధర అడగడం న్యాయం కాదు, "పాతదేగా" అని చేతులు దులుపుకోవడమూ న్యాయం కాదు.

ఇవ్వడం ఇష్టం లేకపోతే, "మెషీన్ ఇవ్వలేను రా, ఆదివారం నేనే వచ్చి బిగించిపెడతా" అనండి. సాయం అందుతుంది, మెషీన్ మీ చేతిలోనే ఉంటుంది.

దోస్తీ దోస్తీయే, లెక్క లెక్కే. మొహమాటపడి ఊరుకున్నవాడే ఆ తర్వాత ఆ సంగతిని నలుగురి దగ్గరా చెప్పుకుంటాడు. నలుగురికి చెప్పే మాటను ఆ ఒక్కడికే, ఆ రోజే, కోపం లేకుండా చెప్పడం నేర్చుకుంటే చాలు.