ఏడు దాటితే రేటు మారుతుంది

హ్యాపీ అవర్స్ మీద ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్నిటికి ఇక్కడ జవాబులు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ మద్యం తాగడానికి చట్టం ఒప్పుకునే వయసు 21 ఏళ్లు. ఆ వయసు రానివాళ్ల కోసం కాదు ఈ జవాబులు.

సందేహం: మా టీములో ఎనిమిదిమందిమి. పన్నెండు నుంచి ఏడు దాకా ఒకటికి ఒకటి ఫ్రీ అని బోర్డు చూసి శుక్రవారం ఐదున్నరకు ఒక బార్‌కి వెళ్లాం. ఎన్ని రౌండ్లయ్యాయో ఫోన్లో రాసుకుంటూనే ఉన్నాం. అయినా మేం అనుకున్నదానికి దాదాపు రెట్టింపు బిల్లు వచ్చింది. ఇది మోసమా?
— ఒక పాఠకుడు, కొండాపూర్

సమాధానం: ఎక్కువసార్లు మోసం కాదు. బిల్లుతోపాటు కేఓటీలు కూడా అడిగి చూస్తే సంగతి తెలుస్తుంది. కేఓటీ అంటే మీ ఆర్డరు మెషిన్లో కొట్టగానే బయటికొచ్చే చిన్న చీటీ. దానిమీద టైము పడుతుంది. మీరు వెయిటర్‌కి చెప్పిన టైము ఎవరూ చూడరు, చీటీ మీది టైమునే చూస్తారు. శుక్రవారం ఏడుకు పది నిమిషాల ముందు హాలంతా ఒక్కసారిగా చివరి రౌండు చెబుతుంది. వెయిటర్ నాలుగు టేబుళ్ల ఆర్డర్లు రాసుకుని మెషిన్ దగ్గరికి వెళ్లేసరికి ఏడూ నాలుగు. ఇక ఆ రౌండు మొత్తం పూర్తి రేటుకే పడుతుంది. ఎనిమిదిమందికి ఒక రౌండు పూర్తి రేటు పడిందంటే ఆ రౌండు మీద మిగలాల్సిందంతా పోయినట్టే. అందుకని ఆరున్నరకే చివరి రౌండు చెప్పేయండి. చెప్పాక ‘చీటీ పడిందా అన్నా?’ అని ఒక్కమాట అడగండి. తేడా వస్తే అక్కడే కెప్టెన్‌ని పిలవండి. రెండు మూడు నిమిషాల తేడా అయితే మంచి మేనేజర్ సరిచేసిస్తాడు. డబ్బు కట్టి బయటికొచ్చాక అడిగితే ఆయన మాత్రం ఏం చేయగలడు?

రెండోది, ఆఫర్ దేనిమీద అన్నది. ‘ఒకటికి ఒకటి’ పెద్దక్షరాల్లో ఉంటుంది, ‘సెలెక్టెడ్ బ్రాండ్స్’ అన్నది దాని కింద కనీకనపడకుండా ఉంటుంది. మామూలుగా ఆఫర్ ఇచ్చేది దేశంలో తయారయ్యే విస్కీ, రమ్ము, వోడ్కా మీద, డ్రాట్ బీరు మీద. ఎనిమిదిమందిలో ఒకరు స్కాచ్ అని, ఇంకొకరు కాక్‌టెయిల్ అని ఉంటే ఆ రెండూ అసలు ధరకే పడి ఉంటాయి. చాలాచోట్ల రెండో గ్లాసు అదే బ్రాండు, అదే మనిషికి అన్న షరతు కూడా ఉంటుంది. ఇద్దరు చెరొకటి తీసుకుంటే అది ఒకటికి ఒకటి కింద పడుతుందో లేదో కూర్చునే ముందే అడగాలి. బీరైతే మరో మాట కూడా అడగండి: రెండూ ఒకేసారి తెస్తారా, ఒకటయ్యాక ఇంకొకటి తెస్తారా? మన ఎండాకాలంలో టేబుల్ మీద ఇరవై నిమిషాలున్న రెండో మగ్గు ఉచితమే అయినా గొంతు దిగదు.

ఇక అసలు రాబడి ప్లేట్లలో ఉంటుంది. మందు మీద తగ్గించింది బార్ తిండి మీద లాగుతుంది. చికెన్ 65, అపోలో ఫిష్, చిల్లీ పనీర్, అన్నీ ఉప్పూకారం దట్టించినవే, అవి తింటే దాహం వేస్తుంది. ప్లేటు ఖాళీ అవుతుండగానే ‘రిపీట్ చేయమంటారా సార్?’ అని వెయిటర్ అడుగుతాడు, మాటల్లో ఉండి ఎవరో తలూపుతారు. ఆ తలూపే మనిషి ఎవరో ముందే ఒకరిని అనుకోండి, మిగతావాళ్లు ఊరుకోండి. మంచినీళ్ల సీసా కూడా లెక్కలోకి వస్తుంది. హోటళ్లు, రెస్టారెంట్లు నీళ్ల సీసాని ఎమ్మార్పీ కంటే ఎక్కువకు అమ్ముకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మామూలు నీళ్లు అడిగితే తెచ్చిస్తారు, సీసా మూత తీయనివ్వకండి.

పన్ను కూడా ఒకసారి చూసుకోండి. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దానిమీద రాష్ట్రం పన్ను వేరు. బయట రెస్టారెంట్లలో తిండి మీద జీఎస్టీ 5 శాతం, ఖరీదైన గదులున్న స్టార్ హోటళ్లలో 18 శాతం. మీ బిల్లులో మందు మొత్తానికి కూడా జీఎస్టీ కలిపి ఉంటే అది తప్పు, తీసేయమనండి.

ఒకటికి ఒకటి అన్నచోటే చవక అని కూడా అనుకోకండి. ఒకచోట పింట్ 450 రూపాయలు, ఒకటికి ఒకటి అనుకుందాం. పక్క వీధిలో ఏ ఆఫరూ లేదు, పింట్ 240. రెండు తాగితే మొదటిచోట మీకు మిగిలేది 30 రూపాయలు. ఒకటే తాగి లేచేవాడికి అక్కడ 210 దండగ. బోర్డు కాదు, మెనూ కార్డు చూసి ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోండి.

సందేహం: రిటైరైన మిత్రులం నలుగురం నెలకోసారి కలుస్తాం. పిల్లలేమో యాప్‌లో చూసుకుని వెళ్లమంటారు. నాకు వాటితో పడదు. మంచి ధర ఎక్కడ దొరుకుతుందో తెలుసుకునే దారి చెప్పండి.
— ఒక పెద్దాయన, మారేడ్‌పల్లి

సమాధానం: మీకు యాప్‌లు రాకపోవడం ఏమంత నష్టం కాదండీ. మీ దగ్గర ఉన్నది, ఆఫీసులకెళ్లేవాళ్ల దగ్గర లేనిది ఒకటుంది: మధ్యాహ్నం. బార్ అద్దె, లైసెన్సు ఫీజు, వంటవాళ్ల జీతాలు, ఇవన్నీ జనం వచ్చినా రాకపోయినా కట్టాల్సినవే. మూడింటికి ఖాళీగా ఉన్న కుర్చీ వాళ్లకు భారం. అందుకే సోమవారం నుంచి గురువారం దాకా, మూడు నుంచి ఏడు మధ్య, ధర దిగుతుంది. శుక్ర శనివారాల్లో అదే బార్ ఆఫర్ తీసేస్తుంది, లేదా గంట ముందే ముగిస్తుంది. మీరు మంగళవారం మూడున్నరకు వెళ్తే మంచి టేబులూ దొరుకుతుంది, వెయిటర్ మీ మాట వినడానికి తీరికగానూ ఉంటాడు.

కొత్త బార్లు, మైక్రోబ్రూవరీలు ఎక్కువగా ఉన్న జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు పోటీ గట్టిది కాబట్టి ఆఫర్లూ ఎక్కువే. కానీ అక్కడ అసలు ధరే ఎత్తులో ఉంటుంది. మీ సికింద్రాబాద్‌లో, హిమాయత్‌నగర్‌లో పాత బార్లకు హ్యాపీ అవర్స్ ఉండకపోవచ్చు, ఉండాల్సిన అవసరం కూడా లేదు. ధర ఎప్పుడూ దిగువనే, పైగా అడక్కుండానే శనగ గుడాలో, పల్లీలో, కీరా ముక్కలో ఉల్లిపాయతో కలిపి తెచ్చి పెడతారు. అయిపోతే మళ్లీ పెడతారు. నలుగురు స్నేహితులు రెండు గంటలు కూర్చోవడానికి అంతకన్నా ఏం కావాలి? నా ఓటు వాటికే.

వెళ్లే ముందు ఫోన్ చేయండి. ఈరోజు ఆఫర్ ఉందా, ఎన్నింటిదాకా, వేటిమీద? ఈ మూడూ అడిగితే చాలు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 డ్రై డేలు. ఎన్నికలప్పుడు పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు బంద్. గణేశ్ నిమజ్జనం, హోలీ లాంటి రోజుల్లో పోలీసుల ఉత్తర్వులను బట్టి నగరంలో మూసేస్తారు.

యాప్‌ల సంగతి పిల్లలకు చెప్పండి: డిస్ట్రిక్ట్, స్విగ్గీ డైన్‌అవుట్, ఈజీడైనర్ లాంటివాటిలో బిల్లు మొత్తం మీద ఇంత శాతం అని ఉంటుంది. కానీ అది హ్యాపీ అవర్ ధరతో కలవదు. రెండిట్లో ఏదో ఒకటే ఇస్తారు. ఏది లాభమో తాగేవాళ్లు ఎక్కువా తినేవాళ్లు ఎక్కువా అన్నదాన్ని బట్టి ఉంటుంది. తినేవాళ్లు ఎక్కువైతే యాప్, లేకపోతే హ్యాపీ అవర్.

సందేహం: నేను తాగను. ఆఫీసువాళ్లతో వెళ్లినప్పుడల్లా ఒక నిమ్మకాయ సోడా తాగి అందరితో సమానంగా కడుతున్నాను. అడగాలంటే మొహమాటం.
— పేరు వద్దన్న పాఠకురాలు, గచ్చిబౌలి

సమాధానం: పన్నులు వేరు కాబట్టి చాలా బార్లలో తిండికి ఒక బిల్లు, మందుకు ఒక బిల్లు ఎలాగూ విడిగానే వస్తాయమ్మా. కూర్చోగానే వెయిటర్‌తో ‘రెండు బిల్లులు వేరువేరుగా ఇవ్వండి’ అని మీరే అనేయండి. తిండి బిల్లు అందరూ పంచుకుంటారు, రెండోది తాగినవాళ్లు చూసుకుంటారు. ఎవరి పేరూ ఎత్తక్కర్లేదు. మాక్‌టెయిళ్ల మీద, స్టార్టర్ల మీద కూడా ఆ గంటల్లో తగ్గింపు ఉందేమో అడగండి. బోర్డు మీద లేకపోయినా మెనూ వెనక ఉంటుంది తరచూ.

సందేహం: హ్యాపీ అవర్స్‌లో పెగ్గు చిన్నదిగా పోస్తారని మావాడు బీరే తాగుతాడు. అతని అనుమానం నిజమేనా? బీరే నయమా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లు, పెద్దది 60. కొలత పాత్ర మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. మీ ఎదుటే కొలిచి పోయమనండి, అందులో తప్పేమీ లేదు. కాదంటే లేచి రండి, ఆ శాఖకు ఫిర్యాదు చేయండి.

బీరు నయమన్న మాట మాత్రం లెక్కకు నిలవదు. మన విస్కీలో ఆల్కహాలు 42.8 శాతం. చిన్న పెగ్గులో ఉండేది పది గ్రాముల చిల్లర. 650 మిల్లీలీటర్ల లైట్ బీరు సీసాలో 5 శాతం చొప్పున 25 గ్రాముల పైమాటే. అదే స్ట్రాంగ్ బీరు 8 శాతం అయితే 41 గ్రాములు. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు నాలుగు చిన్న పెగ్గులతో సమానం. ఒకటికి ఒకటి ఆఫర్లో రెండు సీసాలు తాగితే ఎనిమిది పెగ్గులు. మీవాడికి ఈ లెక్క చదివి వినిపించండి. సీసా మీద శాతం ముద్రించే ఉంటుంది, ధర కంటే ముందు అది చూసుకోవాలి.

సందేహం: బిల్లులో పది శాతం సర్వీస్ చార్జి వేశారు. కట్టాల్సిందేనా?
— విజయవాడ

సమాధానం: అక్కర్లేదు. బిల్లులో దానంతటది సర్వీస్ చార్జి వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న దాన్ని సమర్థించింది. రెస్టారెంట్ల సంఘాలు అప్పీలుకు వెళ్లాయి. తీసేయమని అడగండి, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అయితే మీకు వడ్డించిన పిల్లవాడి చేతిలో మీకు తోచింది పెట్టండి. హ్యాపీ అవర్‌లో ధర సగమే గానీ అతని నడక సగం కాదు.

సందేహం: హైదరాబాద్ నుంచి బోస్టన్ వచ్చి ఆరు నెలలైంది. ఇక్కడ ఏ బార్‌లోనూ హ్యాపీ అవర్ కనపడదు. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య రోజూ ఫొటోలు పంపుతున్నాడు.
— ఒక పాఠకుడు, బోస్టన్

సమాధానం: మీ రాష్ట్రంలో అది నిషేధం. 1983లో బోస్టన్ దగ్గరి బ్రెయిన్‌ట్రీలో ఒక బార్‌లో ఉచితంగా ఇచ్చిన బీరు తాగి వెళ్తూ జరిగిన కారు ప్రమాదంలో ఇరవయ్యేళ్ల అమ్మాయి చనిపోయింది. మరుసటి ఏడాది మసాచుసెట్స్ ఈ పద్ధతినే ఆపేసింది. వారమంతా ఒకే ధర ఉండాలి, సాయంత్రానికొకటి రాత్రికొకటి కుదరదు. ఒక మనిషికి ఒకేసారి రెండు గ్లాసులకు మించి ఇవ్వకూడదు. ఐర్లాండ్ కూడా 2003లో ఇలాంటి చట్టమే తెచ్చింది. టెక్సస్‌లో రాత్రి పదకొండు దాకా తగ్గింపు ఇవ్వొచ్చు, మీ అన్నయ్య ఫొటోలకు అదీ కారణం.

నిషేధం మందు ధర మీదే, తిండి మీద కాదు. బోస్టన్ రెస్టారెంట్లు నాలుగు, ఆరు గంటల మధ్య సముద్రపు ఆల్చిప్పలు, చిన్న ప్లేట్లు బాగా తగ్గించి ఇస్తాయి. ఆల్చిప్పలకు అది పేరున్న ఊరు. ఒక్క గ్లాసు పూర్తి ధరకు తీసుకుని తిండి చవగ్గా తినండి, డాలస్ కంటే మంచి సాయంత్రమే అవుతుంది. టిప్పు మాత్రం తగ్గించిన బిల్లు మీద కాకుండా అసలు ధర మీద లెక్కకట్టండి.

సందేహం: మా అబ్బాయి రాయదుర్గంలో పనిచేస్తాడు. ప్రతి బుధవారం హ్యాపీ అవర్స్ అని స్నేహితులతో వెళ్లి ఎనిమిదిన్నరకు బండిమీద వచ్చేస్తాడు. ‘రెండు బీర్లే కదమ్మా, పోలీసులు నిలబడేది పదకొండు తర్వాతే’ అంటాడు. నేను భయపడటం తప్పా?
— ఒక తల్లి, మియాపూర్

సమాధానం: తప్పు కాదమ్మా. మీ భయమే సరైనది. చట్టంలో పదకొండు అనీ ఎనిమిది అనీ లేదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాలు ఉంటే ఏ వేళైనా నేరమే. ఒక్క లైట్ బీరు సీసాకే చాలామంది ఆ గీత దాటేస్తారు. రెండు స్ట్రాంగ్ బీర్లంటే, పైన చెప్పిన లెక్కన ఎనిమిది చిన్న పెగ్గులు. శరీరం గంటకు సుమారు ఒక చిన్న పెగ్గునే వదిలించుకోగలదు. ఆరింటికి తాగినవాడు ఎనిమిదిన్నరకు తేరుకోడు. టీ తాగినా, నిమ్మరసం తాగినా, మొహం కడుక్కున్నా ఆ వేగం పెరగదు. తెల్లవారుజామున కూడా కొంత ఉండిపోతుంది.

దొరికితే మొదటిసారే పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి పదిహేను వేలు, రెండేళ్లు. బండి స్వాధీనం చేసుకుంటారు, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కి రమ్మంటారు. ఇవన్నీ దొరికితే. దొరక్కుండా వచ్చిన బుధవారాల్లో రోడ్డు మీద ఎదురొచ్చే మనిషి సంగతేమిటో కూడా అతన్ని అడగండి.

వెళ్లొద్దని గొడవపడితే చెప్పకుండా వెళ్తాడు. బుధవారం పొద్దున బండి తాళంచెవి మీరు తీసుకుని మెట్రో కార్డు చేతిలో పెట్టండి. హ్యాపీ అవర్స్ ముగిసేది ఏడుకో ఎనిమిదికో, రైళ్లు రాత్రి పదకొండు దాకా ఉంటాయి. రాయదుర్గంలో ఎక్కి అమీర్‌పేటలో మారితే మియాపూర్ దాకా రైలే. ఆ వేళకు పెట్టెలు కిక్కిరిసి ఉంటాయి, అమీర్‌పేటలో మెట్లెక్కి దిగాలి. అయినా భోజనం వేళకు ఇంట్లో ఉంటాడు.