ఈజిప్టు విజ్ఞానవేత్త ముషర్రఫా

ఆల్జీబ్రా అనే మాట అరబ్బీ నుండి వచ్చినదని మన విద్యార్థులలో పలువురికి తెలుసు. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో అల్ ఖ్వారిజ్మీ రచించిన గణిత గ్రంథం పేరులోని ‘అల్ జబ్ర్’ అనే పదమే యూరపు భాషలలో ఆ రూపం దాల్చింది. ఉర్దూ పాఠ్యగ్రంథాలలో అది జబ్ర్-ఓ-ముఖాబలా, మన తెలుగులో బీజగణితం. ఆ ప్రాచీన గ్రంథాన్ని ఆధునిక కాలంలో వ్యాఖ్యతో సహా కైరో నుండి వెలువరించిన ఇద్దరు పండితులలో ఒకరు క్వాంటం సిద్ధాంతంలో పరిశోధన చేసిన భౌతికశాస్త్రజ్ఞులు. ఆయనే అలీ ముస్తఫా ముషర్రఫా.

ఆయన 1898లో నైలు నది సముద్రంలో కలిసే ప్రాంతంలోని దమియెట్టా పట్టణంలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. కైరోలోని ఉపాధ్యాయ కళాశాలలో పట్టభద్రులై, విద్యార్థి వేతనంపై ఇంగ్లండు వెళ్లి, లండన్ విశ్వవిద్యాలయం నుండి 1923లో పిహెచ్.డి., 1924లో డి.యస్సీ. పట్టాలు పొందారు. ఈజిప్టు దేశీయులలో డి.యస్సీ. అందుకున్న ప్రథములు ఆయనే. వెలుగునిచ్చే వాయువును విద్యుత్ క్షేత్రంలోగాని, అయస్కాంత క్షేత్రంలోగాని ఉంచినప్పుడు దాని వర్ణపటంలోని ఒక్కొక్క రేఖ అనేక రేఖలుగా చీలిపోతుంది. మొదటిది స్టార్క్ ఫలితం, రెండవది జీమన్ ఫలితం. వీటిని క్వాంటం సిద్ధాంతంతో వివరించే ప్రయత్నమే ఆయన తొలి పరిశోధనలలో ముఖ్యమైనది.

స్వదేశానికి తిరిగి వచ్చి కైరో విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన ముషర్రఫా 1936లో విజ్ఞానశాస్త్ర విభాగానికి డీన్ అయ్యారు. ఆ పదవి నలంకరించిన మొదటి ఈజిప్షియను ఆయనే. తన పరిశోధనా పత్రాలను ఇంగ్లీషులోనే ప్రకటించారు. సాటి శాస్త్రజ్ఞులతో సంభాషించడానికి అది తప్పదు. కాని తన ప్రజలకు విజ్ఞానం అరబ్బీలోనే అందాలని వాదించారు. వాదించి ఊరుకొనక పరమాణువును గురించి, విజ్ఞానానికీ జీవితానికీ గల సంబంధాన్ని గురించి సామాన్యులకు బోధపడేలా గ్రంథాలు వ్రాశారు. ముందు పారిభాషిక పదాలన్నీ సిద్ధం కావాలి, ఆ తరువాతనే పుస్తకాలు అనేవారు మన దేశంలోనూ ఉన్నారు. వ్రాయగా వ్రాయగానే పదాలు నిలుస్తాయని మా అభిప్రాయం.

ఈ విషయంలో హైదరాబాదుకు వేరొకరు పాఠం చెప్పనక్కరలేదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతిక, రసాయన శాస్త్రాలనే గాక వైద్యాన్ని కూడా ఉర్దూలో బోధించింది. అందుకోసం అనువాద సంస్థ ప్రత్యేకంగా పనిచేసింది. తెలుగులో ఉన్నత విద్యా గ్రంథాల కోసం 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. అయినప్పటికీ ఉర్దూ లేదా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ముందు మూగవోవడం మేము ఏటా చూస్తూనే ఉన్నాము. అది తెలివితక్కువతనం కాదు. మన గ్రంథాలయంలో ఈ రెండు భాషల వైజ్ఞానిక గ్రంథాలకు ఒక బీరువా ప్రత్యేకించవలసినదిగా కార్యవర్గం వారిని ఈ సందర్భంలో కోరుతున్నాము.

ముషర్రఫా శిష్యులలో సమీరా మూసా పేరు విద్యార్థినులు తప్పక తెలుసుకోవాలి. 1917లో నైలు డెల్టాలోని ఒక గ్రామంలో జన్మించిన ఆమె కైరోలో విజ్ఞానశాస్త్ర పరీక్షలో ప్రథమ స్థానం పొందారు. స్త్రీకి విశ్వవిద్యాలయంలో బోధక పదవి ఏమిటని కొందరు అభ్యంతరం చెప్పగా, ఆమెను నియమించనిచో తాను రాజీనామా చేస్తానని డీన్ ముషర్రఫా పట్టుబట్టారని చెబుతారు. నియామకం జరిగింది. అనంతరం ఆమె బ్రిటన్‌లో ఎక్స్‌రేలపై పరిశోధన చేశారు. పరమాణు శక్తి రోగుల చికిత్సకు, అదీ పేదవారికి అందుబాటు ధరలో, ఉపయోగపడాలన్నది ఆమె ఆకాంక్ష. పరిశోధనకై అమెరికా వెళ్లిన సమీరా 1952 ఆగస్టు 5న కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలో మరణించారు. అప్పటికి ఆమె వయస్సు 35 సంవత్సరాలు. గురువు ముషర్రఫా అంతకు రెండేళ్ల ముందే, 1950 జనవరిలో కన్నుమూశారు.