సంఘం కంప్యూటరుకు లినక్సు: ఏ రకం ఎక్కించుకోవడం తేలిక?

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టు కంపెనీ ఉచితంగా ఇస్తూ వచ్చిన భద్రతా సవరణలు ఆగిపోయినవి. పేరు నమోదు చేసుకొన్న సొంత వాడకపు కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబరు 13 వరకు గడువు పొడిగించినారు. విండోస్ 11 వేసుకొందామంటే యంత్రంలో టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసరయితే దాదాపుగా ఎనిమిదవ తరానిది, లేక ఆ పైది కావలెను. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పాల సంఘాలలో మేము చూచిన కంప్యూటర్లలో ఈ అర్హత లేనివే హెచ్చు. అవి పని చేస్తున్నవి, బిల్లు వేస్తున్నవి, కాని కొత్త విండోస్ వాటిని ఒప్పుకోదు.

కొత్త యంత్రం కొనాలా, లేక లినక్సు వేసుకోవాలా అని కార్యదర్శులు మమ్ములను అడుగుతున్నారు. కొత్తది కొంటే ఆ డబ్బు సభ్యులకు రావలసిన బోనసులో నుంచే పోవలెను. లినక్సుకు వెల లేదు. కాబట్టి ఏ రకం లినక్సు ఎక్కించుకోవడం సులువు, ఏది మన పనికి ఆగుతుంది అన్న సంగతి ఈ పాఠంలో చూద్దాము.

లినక్సు అనేది ఒకే వస్తువు కాదు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసి అందరికీ విడిచిపెట్టిన మూల ప్రోగ్రాము పేరు అది. దానికి కావలసిన మిగతా ప్రోగ్రాములు కూర్చి, ఎక్కించే పద్ధతి ఏర్పరచి, ఒక్కొక్క బృందము ఒక్కొక్క పేరుతో విడుదల చేస్తుంది. మన ఊరి పాలే ఒక డెయిరీలో టోన్డ్ పాకెట్టుగా, ఇంకొక డెయిరీలో ఫుల్ క్రీము పాకెట్టుగా వచ్చినట్లే. లోపల పాలు పాలే, పాకెట్టు మీద పేరు వేరు, వెన్న శాతం వేరు. ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా అన్నవి ఇటువంటి పాకెట్లు. వీటిని డిస్ట్రిబ్యూషన్లు అంటారు.

ఇదేదో పట్నపు ఇంజనీర్ల వ్యవహారమని జంకవలసిన పని లేదు. పక్కనున్న కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏళ్ళ తరబడి లినక్సు మీదనే కంప్యూటరు నేర్చుకొంటున్నారు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు 2005లోనే తెలుగు మాటలతో కనిపించే లినక్సును తెచ్చినారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి బాస్ లినక్సు 2007లో మొదట వెలువడినది. అదీ డెబియన్ మీద కట్టినదే, మన భాషలకు అందులో చోటున్నది.

ఇక అసలు సంగతి. ఏది తేలిక అన్న ప్రశ్నకు ముందు, సంఘంలో ఆ కంప్యూటరు ఏ పని చేస్తున్నదో చూడవలెను. కొన్ని సంఘాలలో తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., చీటీ అన్నీ ఒక ఎలక్ట్రానిక్ పెట్టెలోనే జరిగిపోతవి. ఆ పెట్టెను ఎవరూ ముట్టుకోనక్కరలేదు. కంప్యూటరు ఉత్తరాలకు, లెక్కల పట్టీలకు మాత్రమే ఉంటుంది. అటువంటి చోట లినక్సు నిశ్చింతగా వేయవచ్చును. మరికొన్ని చోట్ల పాల పరీక్ష యంత్రము, తూకపు యంత్రము నేరుగా కంప్యూటరుకే తగిలించి, విండోస్ మీద మాత్రమే నడిచే సాఫ్టువేరుతో సేకరణ చేస్తున్నారు. ఆ సాఫ్టువేరు ఇచ్చినవారిని అడగకుండా అక్కడ చెయ్యి పెట్టరాదు. వైన్ అనే ఉపాయంతో విండోస్ ప్రోగ్రాములు లినక్సులో నడుస్తవని కుర్రాళ్ళు చెబుతారు. కొన్ని నడుస్తవి. తెల్లవారుజామున అయిదున్నరకు అరవై మంది క్యాన్లతో నిలబడి ఉండగా అది నడవకపోతే జవాబు చెప్పవలసినది కార్యదర్శి, కుర్రాడు కాదు. బ్రౌజరులో తెరిచి వాడే సాఫ్టువేరయితే ఈ చిక్కు చాలావరకు ఉండదు. ఫైర్‌ఫాక్సు లినక్సులోనూ ఒకటే.

యంత్రానికి, కంప్యూటరుకు నడుమ ఉండే తీగె సంగతి కూడా ఇక్కడే చెప్పవలెను. పాల పరీక్ష యంత్రము వెనుక పాత పద్ధతి సీరియల్ పోర్టు ఉంటుంది. కంప్యూటరుకు యు.ఎస్.బి. నడుమ ఒక కన్వర్టరు తీగె వేస్తారు. ఈ తీగెలలో వాడే చిప్పులలో ప్రసిద్ధమైనవాటికి డ్రైవరు లినక్సులోనే ఉన్నది, వేరే సీడీ అక్కరలేదు. అయినా ఒక మెలిక కలదు. లినక్సులో వాడుకరిని డయలౌట్ అనే గుంపులో చేర్చనిదే ఆ తీగె నుంచి అంకెలు చదవనివ్వదు. ఈ సంగతి తెలియక యంత్రము చెడిపోయినదని మెకానిక్కును పిలిపించినవారున్నారు. ఉబుంటు 22.04లో ఇంకొక వింత జరిగినది. చూపు లేనివారి కోసం ఉన్న బ్రెయిలీ ప్రోగ్రామొకటి ఒక రకం చౌక కన్వర్టరును తన పరికరమే అనుకొని పట్టేసుకొనేది. ఆ ప్రోగ్రామును తీసివేస్తే గాని తీగె కనపడేది కాదు.

ప్రింటరు కూడా చూసుకోవలెను. చీటీలు కొట్టే డాట్ మాట్రిక్సు ప్రింటర్లు, హెచ్.పి. వారి ప్రింటర్లలో హెచ్చు భాగము లినక్సుతో సుఖంగా పోతవి. కొన్ని పాత చిన్న లేజరు ప్రింటర్లు మాత్రం ఎంత బతిమాలినా కదలవు.

ఇప్పుడు రకాలు పోల్చి చూద్దాము. మా లెక్కలో పాత యంత్రమున్న సంఘానికి మొదటి స్థానము లినక్సు మింట్‌ది. విండోస్ అలవాటున్న చేతికి దీనిలో అంతా తెలిసినట్లే ఉంటుంది. కింద పట్టీ, ఎడమ మూల మెనూ. 2024లో వచ్చిన మింట్ 22 రెండు జి.బి. మెమరీతో నడుస్తుంది, నాలుగు ఉంటే మంచిదని వారే చెప్పినారు. మరీ బక్క యంత్రమయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకము తీసుకోవలెను. ఎక్కించేటప్పుడు అడిగేవి అయిదారు ప్రశ్నలు: భాష, కీబోర్డు, డిస్కులో ఎక్కడ వేయాలి, ఊరి సమయము, పేరు, రహస్యపదము. ఆ తరువాత కాఫీ తాగి వచ్చేసరికి పని అయిపోతుంది. 2029 వరకు భద్రతా సవరణలు వస్తవి.

మింట్‌కు మాతృక ఉబుంటు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04 ఎక్కించడం మింట్‌తో సమానంగా సులువే. కొత్త ఇన్‌స్టాలరు ఒక్కొక్క తెరమీద ఒక్కొక్క ప్రశ్న అడుగుతూ మర్యాదగా నడిపిస్తుంది. కాని దిగుమతి చేయవలసిన ఫైలు ఇంచుమించు ఆరు జి.బి.; మింట్‌కు మూడు లోపే. తెర అమరిక కొత్తగా ఉంటుంది, మెమరీ బాగా తింటుంది. ఎనిమిది జి.బి. ఉన్న యంత్రమయితే వేసుకోవచ్చును. నాలుగు జి.బి. యంత్రానికి వేస్తే గేదె బురదలో దిగినట్లే.

డెబియన్ 1993 నుంచి ఉన్నది. ఉబుంటుకు కూడా అదే పునాది. గట్టిది, తొణకనిది. ఎక్కించేటప్పుడు తెలుగులో కూడా ప్రశ్నలు అడగగలదు. అయితే ప్రశ్నలు ఎక్కువ. రూటు రహస్యపదము అని ఒకటి అడుగుతుంది. దానిని ఖాళీగా వదిలితే మొదటి వాడుకరికే పెత్తనము వస్తుంది. నింపితే పెత్తనము వేరుగా ఉండిపోతుంది. ఇది తెలియక తరువాత ప్రింటరు కలపబోయి ఆగిపోయినవారిని చూచినాము. ఇంకొకటి, 2023 జూన్‌లో డెబియన్ 12 వచ్చేవరకు చాలా వైఫై కార్డులకు కావలసిన ఫర్మువేరు దాని ఫైలులో ఉండేది కాదు. ఆనాటి వైఫై ఇబ్బందులు తలచుకొని నేడు డెబియన్‌ను తోసిపుచ్చనక్కరలేదు. పక్కన తెలిసినవారు ఒకరుంటే డెబియన్ చక్కని ఎంపికయే. బాస్ లినక్సుకూ ఇదే మాట వర్తించును.

ఫెడోరా సంగతి రెండు ముక్కలలో ముగించవచ్చు. ఎక్కించడం కష్టము కాదు, కాని ఒక్కొక్క విడుదలకు సుమారు పదమూడు నెలలే ఆయుర్దాయము. ఏడాదికొకసారి మార్చుకొనే తీరిక పాల సంఘానికి లేదు. ఇక ఆర్చ్ వంటివి, ఆజ్ఞలు ఒక్కొక్కటిగా టైపు చేస్తూ పోవలసినవి, ముచ్చటపడి నేర్చుకొనే పిల్లలకు వదలిపెడదాము.

ఎక్కించే పద్ధతి అన్నిటికీ ఒకటే. ఎనిమిది జి.బి. పెన్‌డ్రైవు ఒకటి ఖాళీ చేసి పెట్టుకోవలెను. సిగ్నలు అందని లంక గ్రామాల సంఘాలవారు అక్కడే మూడు జి.బి. దించడానికి తంటాలు పడనేల? ఒకరు అమలాపురంలో దించి తెస్తే ఆ పెన్‌డ్రైవుతోనే పది సంఘాలకు వేయవచ్చును, చట్టమూ అడ్డు రాదు. దించిన ఫైలు సరిగా దిగినదో లేదో ఎస్.హెచ్.ఏ. 256 అనే గుర్తు వరుసతో సరిచూడవలెను. క్యాను దించుకొనే ముందు పాలు పరీక్షించడం వంటిదే ఇది, మానరాదు. విండోస్‌లో రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ ఫైలును పెన్‌డ్రైవు మీదకు ఎక్కించి, యంత్రము తెరిచేటప్పుడు ఎఫ్ 12 మీట నొక్కి (కొన్నింటిలో ఎఫ్ 9) పెన్‌డ్రైవును ఎంచుకోవలెను.

అప్పుడు లినక్సు పెన్‌డ్రైవు మీదనే నడుస్తుంది. డిస్కులో ఒక్క అక్షరము మారదు. మింట్, ఉబుంటులలో ఈ సౌకర్యము మొదటి నుంచీ చేతిలో ఉంటుంది. డెబియన్‌కు లైవ్ అనే ఫైలు విడిగా దించుకోవలెను. ఈ స్థితిలోనే వైఫై, ప్రింటరు, తూకపు యంత్రపు తీగె, సంఘం వాడే బ్రౌజరు సాఫ్టువేరు అన్నీ ఒక పూట వాడి చూడవలెను. ఏ రకం మంచిదని మమ్ములను అడిగేకంటె ఈ పూట పరీక్ష మేలైన సలహా ఇస్తుంది. ఏది ఆడకపోయినా పెన్‌డ్రైవు పీకివేస్తే మళ్ళీ పాత విండోసే.

అసలు ప్రమాదమంతా ఆ తరువాత వచ్చే ఒక్క తెరమీద ఉన్నది. డిస్కు ఎరేజ్ చేసి వేయాలా, విండోస్ పక్కన వేయాలా అని అడుగుతుంది. ఎరేజ్ అన్నదానికి సరే అంటే బిల్లులు, సభ్యుల ఖాతాలు, వాటాధన పట్టిక సర్వమూ పోవును. ఒక సంఘంలో తెలిసిన కుర్రాడి చేత వేయించుకొని ఈ విధంగా ఏడు నెలల లెక్క పోగొట్టుకొన్నారు. సభ్యుల చేతి పాసు పుస్తకాలు ఇంటింటికీ తిరిగి తెప్పించి లెక్క మళ్ళీ కట్టవలసి వచ్చినది. ఇద్దరి పుస్తకాలు దొరకలేదు. ఆ ఇద్దరికీ రావలసినదెంత అన్న తగువు సర్వసభ్య సమావేశం దాకా వెళ్ళినది.

కాబట్టి ముందుగా లెక్కలన్నీ రెండు పెన్‌డ్రైవుల మీదకు తీసి, వేరొక కంప్యూటరులో తెరిచి చూడవలెను. ఒకటి సంఘంలో, రెండవది ఊరి బయట ఉండవలెను. 2022 జూలై వరదలో లంకలలో నీరు ఎక్కడెక్కడ నిలిచినదో మనకు తెలియనిది కాదు. విండోస్ పక్కన వేయదలచినవారు బిట్‌లాకర్ తాళము ఉన్నదేమో చూసి, ఉంటే దాని రికవరీ అంకెలు కాగితం మీద రాసుకోవలెను. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపవలెను. లేకపోతే ఆ డిస్కులోని ఫైళ్ళను లినక్సు సరిగా ముట్టుకోనివ్వదు. పని ఉదయపు సేకరణ ముగిసిన తరువాత, సాయంత్రపు సేకరణకు ముందు, యు.పి.ఎస్. మీద చేయవలెను. నడుమ కరెంటు పోతే సగము వేసిన యంత్రము దేనికీ పనికిరాదు. బిల్లు వేసే రోజున మొదలు పెట్టనే రాదు. వేసిన తరువాత ఒక బిల్లు కాలము పూర్తిగా చేతి పుస్తకము, కంప్యూటరు రెండూ నడిపి మొత్తాలు సరిపోల్చవలెను.

తెలుగు రాత విషయము. లినక్సులో ఇన్‌స్క్రిప్టు పద్ధతి తెలుగు కీబోర్డు సిద్ధంగా ఉంటుంది, లిబ్రే ఆఫీసులో నోటీసులు చక్కగా వస్తవి. అయితే అను ఫాంట్లలో కొట్టించిన పాత మినిట్సు, నోటీసులు ఇక్కడ తెరిస్తే పిచ్చి గీతలుగా కనబడతవి. ఆ ఫాంట్లు యూనికోడుకు ముందటి పద్ధతివి. విండోస్ ఉండగానే వాటిని యూనికోడుకు మార్పించుకోవలెను, లేదా కనీసము పి.డి.ఎఫ్. చేసి దాచవలెను.

ఇదంతా పాలకవర్గ తీర్మానముతోనే జరగవలెను. రహస్యపదము కార్యదర్శి ఒక్కడి తలలో ఉండరాదు. కాగితం మీద రాసి, కవరులో పెట్టి లక్క వేసి, అధ్యక్షునికి ఇచ్చి, అందినట్లు మినిట్సు పుస్తకంలో సంతకము తీసుకోవలెను.