కెన్యా మామిడిని ఆపిన పండు ఈగ

బి.కాం. విద్యార్థులకు ఎగుమతి పాఠం ఇన్వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్, లెటర్ ఆఫ్ క్రెడిట్‌తో ముగుస్తుంది. పండ్లు పంపేవారికి ఇంకొక కాగితం కూడా కావాలి. అదే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే సరుకులో చీడపీడలు లేవని పంపే దేశపు ప్రభుత్వం ఇచ్చే హామీ. బ్యాంకు బిల్లుల సెక్షన్‌లో మేము ముద్ర, తేదీ, సంతకం చూసి సరిపెట్టేవాళ్ళం. పండు కోసి చూడడం మా పని కాదు. ఆ సంతకం నిలబడాలంటే తోటలో ఎంత పని జరగాలో కెన్యా అనుభవం చెబుతుంది.

2003లో కెన్యాలో ఒక కొత్త పండు ఈగ కనబడింది. 2005లో దానికి బాక్ట్రోసెరా ఇన్వేడెన్స్ అని పేరు పెట్టారు. అది మన మామిడి, జామ తోటల్లో ఉండే బాక్ట్రోసెరా డోర్సాలిసేనని 2015లో తేల్చారు. కొద్ది ఏళ్ళలోనే ఆఫ్రికాలో చాలా దేశాలకు పాకింది.

ఆడ ఈగ తొక్కకు గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో పురుగులు పుట్టి గుజ్జు తింటాయి. పైకి చిన్న చుక్క తప్ప ఏమీ కనబడదు కనుక, ప్యాకింగ్‌లో ఎంత జాగ్రత్తగా ఏరినా కొన్ని తప్పించుకుంటాయి. ఐరోపాలో తనిఖీలో పురుగులు పదే పదే దొరకడంతో, 2014లో కెన్యా తానే అక్కడికి మామిడి పంపడం ఆపుకుంది. అదే ఏడాది మే నుంచి మన మామిడిని ఐరోపా సమాఖ్యే నిషేధించింది. మన నిషేధం 2015లో తొలగింది, కెన్యాకు మాత్రం 2021 దాకా పట్టింది. అయినా తానే ఆపుకోవడం తెలివైన పని అంటాను. చెక్కు వాపసు రాకముందే ఖాతా చూసుకున్నట్టు.

దీనికి ఒక్క మందు చాలదు. మిథైల్ యూజినాల్ ఎర మగ ఈగలనే లాగుతుంది. బుట్ట నిండా ఈగలు పడ్డాయని రైతు సంతోషిస్తాడు గాని, గుడ్లు పెట్టేది ఆడది. దాని కోసం ప్రోటీన్ ఎరలో మందు కలిపి ఆకుల మీద అక్కడక్కడ చల్లాలి. నైరోబీలోని ఇసిపే కీటక పరిశోధనా కేంద్రం, ఈగ గుడ్లలో తన గుడ్లు పెట్టే ఫోపియస్ అరిసానస్ అనే చిన్న కందిరీగను హవాయి నుంచి తెప్పించి వదిలింది.

అన్నిటికంటే చవకైన పని రాలిన పండ్లు ఏరడం. పురుగు పండులోంచి మట్టిలోకి దిగి అక్కడే ఈగగా మారుతుంది. అందుకని రాలిన పండ్లను నల్ల ప్లాస్టిక్ సంచిలో కట్టి ఎండలో పెట్టాలి, లేదా లోతుగా పూడ్చాలి. ఒక రైతు ఏరి పక్క రైతు ఏరకపోతే ఈగ కంచె దాటి వస్తుంది. అందుకే కెన్యా మకువేని జిల్లాలో ఒక్కొక్క తోటను కాక, ప్రాంతం మొత్తాన్ని ఈగ లేని మండలంగా చేయడానికి పూనుకుంది. కొద్ది చెట్లే ఉన్న రైతుకు ఎరల ఖర్చే భారం. ఆ ఖర్చు రైతు సంఘం పంచుకుంటుందా, ఎగుమతి వ్యాపారి పెడతాడా, ప్రభుత్వం పెడుతుందా అన్నది సర్టిఫికెట్ మీద ఎక్కడా రాసి ఉండదు.