జట్టులో తేలే తప్పులు

ప్రశ్న: ఎంబీబీఎస్ విద్యార్థులు గుంపుగా కూర్చుని తమను తామే అంచనా వేసుకుంటే లాభమేమిటి?
– ఒక పాఠకురాలు, రిసాలి (భిలాయి)

జవాబు: ఒంటరిగా వేసుకునే స్వీయ అంచనా తరచూ తప్పుతుంది. నైపుణ్యం బాగా తక్కువున్న వైద్యులు, తమపై మితిమీరిన నమ్మకమున్న వైద్యులు ఇందులో ఎక్కువ పొరబడతారని 2006లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. జట్టు అవసరం అక్కడే.

లారీ మైకెల్‌సన్ 1970ల చివర రూపొందించిన టీమ్ బేస్డ్ లెర్నింగ్‌లో విద్యార్థులు ముందు ఎవరికి వారు జవాబు రాస్తారు. తర్వాత అదే ప్రశ్నపత్రాన్ని జట్టుగా చర్చించి రాస్తారు. ఉక్కు కొలిమి దగ్గర వడదెబ్బతో స్పృహ తప్పిన కార్మికుడి సంగతే తీసుకుంటే, ఒకరు జ్వరం మాత్ర అంటారు, ఇంకొకరు శ్వాస చూసి వెంటనే ఒళ్లు చల్లబరచాలంటారు. వడదెబ్బకు జ్వరం మాత్ర పనిచేయదు. ఎందుకో తోటివారు విడమరచి చెప్పినప్పుడు మొదటి విద్యార్థికి తన లోపం కచ్చితంగా ఎక్కడుందో తెలుస్తుంది. అలా తెలిసింది మనసులో నాటుకుంటుంది.

మన దేశంలో 2019లో మొదలైన సామర్థ్య ఆధారిత ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక చిన్న బృందాల బోధనకూ స్వయం అధ్యయనానికీ చోటిచ్చింది. అయితే మొహమాటం, గట్టిగా మాట్లాడేవారి పెత్తనం జట్టును చెడగొడతాయి. అందుకే అధ్యాపకులు దగ్గరుండాలి. పిల్లలు జట్టుగా చదువుకుంటామంటే పెద్దలు అడ్డు చెప్పవద్దు. ముందు ఎవరి జవాబు వారిని రాయమనండి.