మీటరు వెనుక దీపం

మా ట్రాక్టరు మీటర్ల వెనుక బల్బులు మాడిపోయాయి. రాత్రి దుక్కికి వెళ్ళిన నాన్నకు ఇంజను వేడి ఎంతుందో కనబడేది కాదు. సెలవుల్లో ఆ బల్బులన్నీ తీసేసి నేనే ఎల్.ఇ.డి.లు అమర్చాను.

లెక్క సులువే. ఇంజను నడిచేటప్పుడు వోల్టేజి సుమారు 14.4. అందులో తెల్ల ఎల్.ఇ.డి.కి 3.2 పోగా మిగిలేది 11.2. దీన్ని 0.02 ఆంపియర్లతో భాగిస్తే 560 ఓములు. అంత నిరోధాన్ని, అర వాటుది, శ్రేణిలో కలపాలి. ఎల్.ఇ.డి. ఒక దిశలోనే వెలుగుతుంది. వెలగకపోతే తిప్పి పెడితే సరి.

మీటర్లు తళతళలాడాయి. "బాగుందిరా" అన్నాడు నాన్న. మూడో రోజు పొద్దున బండి స్టార్టవలేదు. బ్యాటరీ ఖాళీ!

తప్పు నాదే. చార్జింగు హెచ్చరిక దీపాన్ని కూడా మార్చేశాను. మా బండిలో ఆల్టర్నేటరు రోటరుకు తొలి అయస్కాంతత్వాన్నిచ్చే కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. 2 వాట్ల బల్బయితే సుమారు 170 మిల్లీ ఆంపియర్లు పోనిస్తుంది, నా ఎల్.ఇ.డి. పోనిచ్చింది 20 లోపే. అది చాలక ఆల్టర్నేటరు మేలుకోలేదు. ఆ రెండు రోజులూ ఎర్రదీపం ఆరకుండా వెలుగుతూనే ఉంది. కొత్తది గదా అని మురిసిపోయానే తప్ప, అది మొరపెట్టుకుంటోందని గ్రహించలేదు!

ఆ ఒక్కచోట మళ్ళీ మామూలు బల్బే పెట్టాను. మిత్రులారా, దేన్నైనా మార్చబోయేముందు, అది కనబడకుండా చేస్తున్న పనేమిటో కూడా చూడండి.