కలిసి కట్టుకునే బస్తీ – ధర్మం ఏమంటుంది?

గడిచిన చలికాలంలో ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత గోదావరిఖనిలోని ఒక క్వార్టరుకు మమ్మల్ని పిలిచారు. వెళ్లేసరికి చాప మీద ఎనిమిదిమంది కూర్చుని ఉన్నారు. అందరూ బాయి పని చేసేవారే. ఇద్దరు నైట్ షిఫ్టుకు పోవలసినవారు కాబట్టి నేరుగా విషయానికే వచ్చారు. రెండు మూడేళ్లలో అందరూ దిగిపోతారు. దిగిపోయిన తర్వాత క్వార్టరును కంపెనీకి అప్పగించాలి. పాతికేళ్లకు పైగా ఒకే లైనులో ఉండి, ఒకరి పెళ్లికి ఒకరు వండి, ఒకరి జనాజాను ఒకరు మోసినవారు ఆ తర్వాత ఒకరు మంచిర్యాలకు, ఒకరు కరీంనగర్‌కు, మరొకరు హైదరాబాదులో కొడుకు దగ్గరికి చెదిరిపోతారు.

అందుకని వారొక ఆలోచన చేశారు. వచ్చే డబ్బుతో అందరూ కలిసి ఒకేచోట భూమి కొని ఇండ్లు కట్టుకోవాలి. మధ్యలో చిన్న మస్జిద్, పిల్లలకు మక్తబ్, అందరికీ ఒకే బోరు. వడ్డీ అప్పు ఎవరూ తీసుకోకూడదు. ఆ బస్తీలో జరిగే పెళ్లిళ్లలో కట్నం ఉండకూడదు. ఇవన్నీ పది షరతులుగా ఒక నోటు పుస్తకంలో రాసి మా ముందు పెట్టారు. "మౌలానా సాబ్, ఇది మంచిదేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

మేము ఇంకా చదువుతుండగానే లోపలి గది నుండి ఆ ఇంటి ఇల్లాలు అడిగింది: "భాయ్‌సాబ్, ఈయన పోయినంక నన్ను అక్కడ ఉండనిస్తారా? ఆ సంగతి అందులో రాశారేమో చూడండి." చూశాము. రాయలేదు.

ఈ వ్యాసం ఆ రాత్రి మాటలలో నుండి పుట్టినదే. ఇటువంటి ఆలోచన చేస్తున్న కుటుంబాలు బొగ్గు ప్రాంతంలో ఇంకా ఉన్నాయి గనుక విషయాన్ని కొంచెం విపులంగా రాస్తున్నాము.

ముందుగా మన బస్తీల సంగతి. ఇల్లందు వైపు 1871లో బొగ్గు జాడ కనిపించింది. 1889లో తవ్వకం మొదలయింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది, 1945లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. గోదావరిఖని మాత్రం 1960ల నుండి పెరిగిన ఊరు. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుండి, ఉత్తరాది నుండి కూడా మనుషులు వచ్చి ఇక్కడ చేరారు. ఎవరి పక్కన ఎవరు ఉండాలో వారు ఎంచుకోలేదు, క్వార్టర్ల పంపిణీలో ఏ ఇల్లు వస్తే ఆ ఇంట్లో దిగారు. అయినా యైటింక్లైన్ కాలనీ నుండి సెంటినరీ కాలనీ వరకు ఏ లైనులో చూసినా మల్లయ్య ఇంటి బోనాలకు ఖాసిం ఇంటివారు, ఖాసిం ఇంటి ఈదుకు మల్లయ్య ఇంటివారు ఉండనే ఉన్నారు. 1990ల ఆరంభంలో కంపెనీలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. నేడు ఆ సంఖ్య 40 వేల దరిదాపుల్లో ఉంది. 2021లో పదవీ విరమణ వయసును 61కి పెంచినా దిగిపోయేవారి వరుస ఆగలేదు. అంటే, ఎవరూ కోరకుండానే ఏర్పడిన ఒక సముదాయం కళ్ల ముందే కరిగిపోతున్నది. ఇప్పుడు ఈ ఎనిమిదిమంది కోరి ఒకదాన్ని కట్టాలంటున్నారు.

కోరి కట్టుకున్న బస్తీలు లోకంలో కొత్తేమీ కాదు. 1910లో గాంధీజీ దక్షిణాఫ్రికాలో, జొహానెస్‌బర్గ్ దగ్గర, మిత్రుడు కాలెన్‌బాక్ ఇచ్చిన 1,100 ఎకరాల భూమిలో టాల్‌స్టాయ్ ఫామ్ స్థాపించారు. అక్కడ ముస్లిం పిల్లలు రమజాన్ ఉపవాసాలు పాటిస్తే హిందూ, పార్సీ పిల్లలు కూడా వారికి తోడుగా ఉపవాసం ఉన్నారని ఆయనే రాసుకున్నారు. ఉద్యమ అవసరం కోసం పుట్టిన ఆ ఫామ్ కొద్ది ఏళ్లే నడిచింది. మన తెలుగు నేల మీద 1921లో నెల్లూరు జిల్లా పల్లిపాడులో పినాకినీ తీరాన సత్యాగ్రహ ఆశ్రమం వెలిసింది. మన కాలపు ఉదాహరణ అనంతపురం వైపు ఉంది. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వారి మిత్రులు చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు భూమి కొని అక్కడే నివాసం ఏర్పరచుకున్నారు. దానికి తింబక్టు అని పేరు పెట్టారు. బీడును పచ్చగా చేశారు. ఆ తర్వాత చుట్టుపక్కల పల్లెల స్త్రీలతో పొదుపు సహకార సంఘాలు, రైతులతో సేంద్రియ పంటల సంఘం నిలిచాయి. వారి విశ్వాసాలు, మన విశ్వాసాలు వేరు. అయినా ఒక సంగతి నేర్చుకోదగినది. వారు తమ 32 ఎకరాల చుట్టూ గోడ కట్టుకుని కూర్చోలేదు. చుట్టుపక్కల పల్లెలే వారి పని అయ్యాయి.

ఇక మదీనాకు వద్దాము. హిజ్రత్ మొదటి సంవత్సరంలో, అంటే క్రీ.శ. 622లో, మక్కా నుండి ఇల్లు, ఆస్తి వదులుకుని వచ్చిన ముహాజిర్లను, మదీనావాసులైన అన్సార్‌ను దైవప్రవక్త (స) ఒక్కొక్కరిని ఒక్కొక్కరికి సోదరులుగా కలిపారు. దీనినే 'ముఆఖాత్' అంటారు. దీన్ని గురించి ప్రసంగాలలో అందరమూ విన్నాము. కానీ అందులో ఆస్తి సంగతి ఎలా నడిచిందో ఎక్కువమంది గమనించరు. బస్తీ కట్టేవారికి అసలు పాఠం అక్కడే ఉంది.

అన్సార్ తమ ఖర్జూర తోటలను ముహాజిర్లతో చెరిసగం పంచుకుంటామని ముందుకు వచ్చారు. దైవప్రవక్త (స) ఒప్పుకోలేదు. అప్పుడు, చెట్లు అన్సార్‌వే, పనిలో ముహాజిర్లు చేయి వేస్తారు, పండిన పంటలో ఇద్దరికీ వాటా అన్న ఒప్పందం కుదిరింది. ఇది బుఖారీలో ఉంది. అన్సార్ వాడుకోమని ఇచ్చిన చెట్లను కూడా ఖైబర్ తర్వాత ముహాజిర్లు తిరిగి ఇచ్చేశారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం ఇస్తానంటే హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దుఆ ఇచ్చి, బజారుకు దారి చూపమన్నారు. నెయ్యి, ఎండబెట్టిన పెరుగు అమ్మి తన కాళ్ల మీద తాను నిలబడ్డారు.

ఇంకొక మాట. మొదట్లో ఈ సోదరులు ఒకరికొకరు వారసులు కూడా అయ్యేవారు. కొంతకాలానికి ఆ ఆదేశం రద్దయి వారసత్వం రక్త సంబంధీకులకే చెందింది (అన్ఫాల్ సూరా, 75వ ఆయత్). సోదరభావం నిలిచింది, కానీ అది భార్యాబిడ్డల హక్కును మింగలేదు.

మేము ఆ ఎనిమిదిమందికి ఇదే చెప్పాము. వారి కాగితంలో భూమి అంతా 'జమాఅత్‌ది' అని ఉంది. ఎవరి వాటా ఎంతో లేదు. ఫిఖ్హ్ ప్రకారం పదిమంది డబ్బు వేసి భూమి కొంటే అది వారి 'షిర్కత్', అంటే ఎవరు ఎంత వేస్తే అంత వాటా. ఒకరు చనిపోతే ఆ వాటా భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు షరీఅత్ ఇచ్చిన లెక్కన పోతుంది. దాన్ని ఆపే అధికారం ఏ మష్వరాకూ లేదు. వక్ఫ్ సంగతి వేరు. మస్జిద్ కోసం వక్ఫ్ చేసిన స్థలం మనిషి యాజమాన్యం నుండే బయటికి పోతుంది, అమ్మకం లేదు, వారసత్వం లేదు. కాబట్టి ఇండ్ల స్థలమూ మస్జిద్ స్థలమూ ఒకే పత్రంలో కలిపి రాయకూడదు. కలిపి రాస్తే రేపు ఏది ఇల్లో, ఏది వక్ఫో తేల్చలేక పిల్లలు కోర్టుల చుట్టూ తిరుగుతారు. మస్జిదె నబవీ స్థలం ఇద్దరు అనాథ బాలురది. దాన్ని కూడా దైవప్రవక్త (స) ఊరికే తీసుకోలేదు, ధర ఇప్పించారు.

"మనవాళ్లమే కదా, రాతలెందుకు" అని వారిలో ఒకాయన అన్నారు. ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్ ఏదో తెలుసా అని అడిగాము. బఖరా సూరా 282వది. అది నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు, అప్పును కాగితం మీద పెట్టడం గురించి, సాక్షుల గురించి. మావాళ్లలోనే మేము చూసిన సంగతి ఒకటి చెప్పాము. మా నాన్నగారి తోటివారు ఆరుగురు ఇలాగే ఒక స్థలం కొన్నారు. నమ్మకం కొద్దీ రిజిస్ట్రేషన్ ఒక్కరి పేరు మీద చేయించారు. ఆయన నిజంగా నిజాయితీపరుడే. కానీ ఆయన గుండెపోటుతో పోయారు. కొడుకులకు ఆ సంగతి తెలియదు, తెలిసినా ఒప్పుకోలేదు. మిగిలిన ఐదుగురిలో ఇద్దరు ఆ బెంగతోనే కన్నుమూశారు. మా నాన్నగారు ఇప్పటికీ ఆ దారిన పోరు.

చదువరులు అడగవచ్చు, ఒకరు మధ్యలో వదిలిపోవాలనుకుంటే? పోనివ్వాలి. ఏ ధరకు, ఎవరికి అమ్మాలన్నది ముందే రాసుకోవాలి. హనఫీ ఫిఖ్హ్‌లో 'షుఫ్ఆ' అనే హక్కు ఉంది. అమ్మకం జరిగితే ముందుగా ఆ ఆస్తిలో భాగస్థునికి, తర్వాత దారి, నీరు పంచుకునేవానికి, ఆ తర్వాత పక్కింటివానికి అదే ధరకు కొనుక్కునే అవకాశం ఉంటుంది. కోర్టులో అది నిలుస్తుందన్న ధీమాతో కూర్చోవద్దు, ఒప్పందంలోనే రాసుకోండి. చట్టరీత్యా సంఘంగా ఏర్పడదలిస్తే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది. ఏది అనుకూలమో వకీలును అడగాలి, మమ్మల్ని కాదు.

భూమి విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి. అది పట్టానా, ప్రభుత్వానిదా, కంపెనీదా? కింద పాత గని పనులు ఉన్నాయా? రేపు ఓపెన్ కాస్టు అటువైపు జరుగుతుందా? 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద ఇక్కడ భూమి ఎప్పుడైనా సేకరణలోకి రావచ్చు. ఓపెన్ కాస్టుల కోసం ఊళ్లకు ఊళ్లే లేచిపోవడం మనం చూశాము. మస్జిద్ కట్టిన తర్వాత తెలుసుకుంటే ఏం లాభం?

ఇక మాకు అన్నింటికన్నా బరువుగా తోచిన విషయం. వారి పదో షరతు: 'ఇతరులకు ఇక్కడ స్థలం ఇవ్వరాదు'. ఎందుకని అడిగాము. పిల్లలు చెడిపోకుండా అన్నారు. వారి భయం మాకు తెలుసు, దాన్ని కొట్టిపారేయము. నలుగురు నమాజీల మధ్య పిల్లవాడు పెరగాలన్న కోరిక తప్పు కాదు. కానీ బనూ సలిమా వారి ఉదంతం గుర్తు చేశాము. వారి ఇండ్లు మస్జిదె నబవీకి దూరంగా ఉండేవి. వాటిని వదిలి మస్జిద్ పక్కకు వచ్చేద్దామనుకున్నారు. మదీనా అంచులు ఖాళీ కావడం దైవప్రవక్త (స)కు ఇష్టం లేకపోయింది. ఎక్కడివారు అక్కడే ఉండమన్నారు, మస్జిద్‌కు నడిచే అడుగులకు పుణ్యం రాయబడుతుందన్నారు. ఉన్న కొద్దిమంది నమాజీలూ లేచి ఒక్కచోట చేరితే మిగిలిన లైన్లలోని మస్జిద్‌లకు జమాఅత్ ఎవరితో నిలుస్తుంది? ఖాసిం ఇంటివారు పోయిన లైనులో మల్లయ్య మనవడు ముస్లిం అంటే ఎవరో ఎలా తెలుసుకుంటాడు?

మదీనా సముదాయం ముస్లింలకు మాత్రమే గిరి గీసుకున్నది కాదు. అక్కడ రాసిన ఒడంబడికలో యూదు తెగలు తమ ధర్మం మీద తాము ఉంటూనే భాగస్వాములు. ఆ పత్రం మీద లోకానికి తెలిసేలా పరిశోధన చేసినది మన హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) గారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోస్తే, యూదు పొరుగువానికి పంపారా లేదా అని మొట్టమొదట అడిగారు. పొరుగే లేకుండా చేసుకుంటే ఆ ప్రశ్న అడిగే అవకాశమే పోతుంది. పదో షరతు కొట్టివేయమన్నాము. దాని మీద చాలాసేపు వాదన జరిగింది. ఇద్దరికి మా మాట నచ్చలేదు.

తోటివారిని ఎంచుకోవడం గురించి హజ్రత్ ఉమర్ (రజి) ఉదంతమొకటి చాలు. ఒకరి మంచితనానికి సాక్ష్యం చెప్పిన వ్యక్తిని ఆయన మూడు అడిగారు: నీవు అతని పొరుగున ఉన్నావా, డబ్బు వ్యవహారం చేశావా, కలిసి ప్రయాణించావా? మూడింటికీ లేదనేసరికి, అయితే నీవతన్ని ఎరుగవన్నారు. ఈ ఎనిమిదిమందికి మొదటిది ఉంది. మూడోది గనిలో రోజూ జరుగుతున్నదే, కేజీలో దిగేటప్పుడు ఎవరు ఎవరికి తోడో వారికి బాగా తెలుసు. లేనిది డబ్బు వ్యవహారం. అందుకని భూమి బేరం ఒక ఏడాది ఆపమన్నాము. ముందు నెలనెలా కొంత కూడబెట్టండి, లెక్క ఇద్దరు చూడండి, ప్రతి నెలా అందరి ముందు చదవండి. ఆ ఏడాదిలో ఒక్కరికైనా కష్టం వచ్చి డబ్బు వెనక్కి అడుగుతారు, అప్పుడు ఎవరి ముఖం ఎలా ఉందో చూసుకోండి. తింబక్టు వంటి చోటికి పోయి నాలుగు రోజులు ఉండి వచ్చినా మంచిదే, నీళ్ల దగ్గర, వంట దగ్గర, చెత్త దగ్గర తగాదాలు ఎలా తీర్చుకుంటారో అడగండి. బస్తీలు విరిగేది అఖీదా మీద కన్నా బోరు మోటారు బిల్లు మీదే ఎక్కువ అని మాకు అనుమానం.

నైట్ షిఫ్టువారు లేచారు. పోతూ పోతూ, వచ్చే ఆదివారం తమకు ప్లేడే ఉంది గనుక అసర్ తర్వాత కూర్చుందామన్నారు. ఆ ఆదివారం మేమూ వెళ్లాము. కొత్త కాగితంలో ప్రతి ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలన్న షరతు మొదటిదిగా వచ్చింది. అది లోపలి గదిలోని స్త్రీలు కూర్చుని రాయించినది. పదో షరతు తీసివేశారు. అది నచ్చని ఇద్దరిలో ఒకాయన తాను చేరనని మర్యాదగా చెప్పి, చాయ్ తాగి, అందరితో కలిసి మగ్రిబ్ చదివి వెళ్లారు. మిగిలిన ఏడుగురు ఆ నెల నుండే పొదుపు మొదలుపెట్టారు. లెక్కల పుస్తకం ఇప్పటికి నాలుగుసార్లు చదివారు. భూమి ఇంకా కొనలేదు.